ఉప్పు అద్దిన ఐసు

అక్క చెంప మీది కట్టు విప్పగానే నర్సమ్మ చేయి ఆగిపోయింది.

"ఇదేంటమ్మా, ఇంత బొబ్బ?"

అక్క నేలచూపులు చూసింది. గోడకు జారగిలబడి నిలబడ్డ తమ్ముడికి నిద్రమత్తు దిగిపోయింది. రాత్రంతా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగి, మొహమైనా కడుక్కోకుండా అక్కను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చాడు.

ఇసుక ఈగ కుట్టినచోట లేచిన పుండు అది. ఆ ఈగ చర్మంలో వదిలిన పురుగు కంటికి కనబడదు, మందులకు ఓ పట్టాన లొంగదు. ఈ ఆసుపత్రిలో దాన్ని చలితో చంపుతున్నారు. తెల్లగా పొగలు కక్కే ద్రవంలో దూది చుట్టిన పుల్ల ముంచి, పుండు అంచులు తెల్లబడేదాకా అదిమిపెడతారు. కరగనిచ్చి మళ్లీ అదుముతారు. పెట్టేటప్పటికన్నా కరిగేటప్పుడే ప్రాణం పోతుందని అక్క అంటుంది. రెండు వారాలకోసారి రావాలి.

బావ పోయాక అక్కకు దేనికీ ఓపిక లేకుండా పోయింది. మొన్న ఓ సాయంత్రం, "మళ్లీ ఆ బస్సులెక్కడం నా వల్ల కాదురా. నీ ఫ్యాక్టరీలో లేని చలా అక్కడుంది?" అంది. అతనికీ ఒళ్లు హూనమై ఉంది. ఆ మాట సబబుగానే తోచింది. మర్నాడు ఐసుముక్క తెచ్చి, చలి పెరగాలని ఉప్పు అద్ది, ఆమె చెంపకు అదిమిపట్టాడు. ఆమె పళ్ల బిగువున ఓర్చుకుంది. తెల్లారేసరికి చెంప బొబ్బలెక్కింది.

"పోయినసారి నేనే ఎక్కువసేపు పట్టినట్టున్నాను," అంది నర్సమ్మ నీరసంగా. "నీ చర్మం ఈ చలికి ఆగదేమో. డాక్టరుగారితో చెప్పి ఆపించేస్తాను. ఇక పెద్దాసుపత్రికెళ్లి పుండులో సూదులు వేయించుకోవాలి. ఎన్నాళ్లో చెప్పలేను."

నోరు మూసుకోమన్నట్టు అక్క అతని మోచేయి గిల్లింది. "అలాగేనమ్మా," అంది.

నర్సమ్మ డాక్టరు గదివైపు కదిలింది.

"మీ వల్ల కాదమ్మా," అన్నాడతను. "నేనే. ఉప్పు ఐసు పెట్టాను."

ఆమె వెనుదిరిగి అతన్ని ఎగాదిగా చూసింది. "చేపలకు పెట్టినట్టు పెట్టావా మనిషికి?"

"నేనే పెట్టమన్నాను," అంది అక్క. "బుద్ధి విషయంలో మా ఇంట్లో అందరిదీ ఒకటే తూకం."

నర్సమ్మకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేకపోయింది. "ఐసుకి తోలు చెడగొట్టే చలి ఉంది గానీ, పురుగుని చంపేంత లేదయ్యా. పైన నువ్వు కాల్చావు, లోపల అది హాయిగా ఉంది." వెనక్కొచ్చి దూదిపుల్లలు పక్కకు జరిపేసింది. "ఇవాళ ముట్టుకోను. ఇది మానాక మళ్లీ మొదలెడదాం. ఆపక్కర్లేదు. మచ్చ మాత్రం పెద్దదే పడుతుంది, ముందే చెప్తున్నా."

"పడనీ. ఎవరు చూడాలని?" అంది అక్క.

నర్సమ్మ మెల్లిగా కొత్త కట్టు కట్టింది.

బస్టాపులో నీడ లేదు.

"గిల్లాను కదరా, ఊరుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"ఊరుకుంటే నీకు సూదులు."

"నేను పడేదాన్ని. నువ్వు మాట పడాల్సొచ్చింది."

బస్సు వచ్చింది. దొరికిన ఒక్క సీటులో అక్క సర్దుకుని సగం చోటిచ్చింది. చెంప బాగున్న వైపు ఆమె భుజం మీద తల పెట్టి, బస్సు కదలకముందే అతను నిద్రపోయాడు.