నరసింగరావు చూసిన ఇల్లు

భిలాయిలో ఇల్లు కొనే తెలుగువాళ్ళు ముందు బ్రోకరును పట్టుకుంటారు, ఆ తర్వాత నరసింగరావును. ఉక్కు ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేసులో ఇరవై మూడేళ్ళుగా ఇటుకపని చేస్తున్నవాడు. గోడను వేళ్ళ కణుపులతో తట్టి, చెవి ఆనించి, ఎక్కడ డొల్లో చెప్పేస్తాడు. ఫీజు లేదు. టీ, బీడీకట్ట చాలు.

తొంభై ఆరు జనవరిలో బావమరిది ధర్మారావు హథ్‌ఖోజ్ దగ్గర కొత్త లైన్లో ఇల్లు కొన్నాడంటే అతని మాట మీదే. అద్దెకిచ్చి, ధర పెరిగాక అమ్ముకోవచ్చని ఎత్తు. నాలుగు నెలలు తిరక్కుండానే ధర పెరిగింది. దాంతో నరసింగరావుకీ ఆశ పుట్టింది. రిటైరైతే సెక్టర్ ఆరులో ప్లాంటు ఇచ్చిన క్వార్టరు ఎలాగూ ఖాళీ చెయ్యాలి.

మే నెల ఎండలో, అదే లైన్లో మూడిళ్ళ అవతల ఇంకా అమ్ముడుపోని ఇల్లు చూడడానికి భార్య నూకమ్మతో వెళ్ళాడు. గోడలు తట్టాడు. ఖంగుమని మోగాయి. శ్లాబుకు చెమ్మ మరక లేదు. నూకమ్మ మాత్రం వంటగది తలుపు దగ్గరే ఆగిపోయింది. భుజంతో తోసినా అది సగంలో నేలకు పట్టేసింది.

"లకడీ ఫూల్ జాతీ హై, దీదీ," అన్నాడు కాంట్రాక్టరు. కర్ర ఉబ్బుతుందట.

"ఈ ఎండకి నా పెదాలే పగిలిపోతన్నాయి, నీ కర్రకి నీరెక్కడ్నుంచొచ్చింది బాబూ?" అంది నూకమ్మ, తెలుగులోనే. మొగుడివైపు తిరిగి, "తలుపు దిగలేదు, నేలే లేచింది. సూడు," అంది.

చెంబెడు నీళ్ళు గది మధ్యలో పోసింది. అవి నాలుగు గోడలవైపూ పారాయి.

నరసింగరావు బయటికెళ్ళి పునాది అంచున సైకిలు తాళంచెవితో తవ్వాడు. నేలకింద ఏం నింపారని జనవరిలోనే కాంట్రాక్టరును అడిగాడు. "ప్లాంటు స్లాగు" అనగానే మురిసిపోయాడు. తన ఫర్నేసులో ఇనుము మీద తేలే చిట్టెం కదా, ఎన్నేళ్ళైనా కదలదు. తవ్వి చూడలేదు. ఇప్పుడు చేతికొచ్చిన గడ్డ గుండులా బరువుంది, పగుళ్ళలో తెల్లటి సున్నం. ఇది ఉక్కు తయారయ్యే షాపు స్లాగు. నీరు తగిలితే ఏళ్ళ తరబడి ఉబ్బుతూనే ఉంటుంది. ఇక్కడ కొళాయి కారి ముందే లేచింది.

"కొనలేదు కదా, బతికేం," అని నూకమ్మ అంతలోనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మా, తమ్ముడిల్లో?"

ఇద్దరూ మూడిళ్ళు దాటి వెళ్ళేసరికి ధర్మారావు తన కొత్త ఇంట్లోనే ఉన్నాడు. ఎదురుగా ఒకావిడ టీ తాగుతోంది.

"సమయానికొచ్చేవు బావా! మీనాక్షిగారు, ఆస్పత్రిలో నర్సు. మనిల్లు తీసుకుంటన్నారు. ఎల్లుండే రిజిస్ట్రీ."

మీనాక్షి లేచి నమస్కారం పెట్టింది. "మీరు చూసిన ఇల్లని చెప్పారు బాబాయ్. ఇంకెవరికీ చూపించలేదు. ఇల్లు కొనడం నాకిదే మొదలు. కాస్త అద్దె వస్తే చాలనుకుంటున్నాను."

నరసింగరావు బావమరిదిని పెరట్లోకి పిలిచి, గడ్డ చేతిలో పెట్టి, సంగతి చెప్పాడు.

"నా ఇంట్లో నేల లేవలేదు కదా," అన్నాడు ధర్మారావు.

"వానలు పడితే లేస్తాది."

ధర్మారావు లోపలికోసారి చూశాడు. గొంతు తగ్గించాడు. "ఈ మాట రెండ్రోజులాగి సెప్పకూడదేటి బావా? నీ మాట నమ్మి కొన్నాను. ఆ మాట మీదే అమ్ముకోనీ. నువ్వేటీ అబద్ధం ఆడక్కర్లేదు. ఊరికే కూకుని టీ తాగు."

అది నరసింగరావుకు న్యాయంగానే వినిపించింది. అందుకే భయమేసింది. తన మాట నమ్మినందుకు ఒకరు మునగక తప్పదు. ఎవరన్నదే తేలాలి.

లోపల మీనాక్షి గోడను తట్టి చూస్తోంది. "ఇలాగేనా బాబాయ్ మీరు చూసేది?" అంటూ నవ్వింది.

"అలాగే అమ్మా. గోడలు చూసేను. నేల చూడలేదు. చూడకుండానే బాగుందని సెప్పీసేను. తీసుకోవద్దు."

ధర్మారావు గుమ్మంలో నిలబడిపోయాడు. "అక్కా, నీ మొగుణ్ణి తీసుకుపో," అన్నాడు పళ్ళ బిగువున.

నూకమ్మ కదల్లేదు. "ఎక్కడికిరా? ఈ నేలంతా తవ్వి, మళ్ళీ మంచి మట్టి పొయ్యాల. ఆయన సెలవెడతాడు, తట్టలు నేను మోస్తాను. నువ్వు తిట్టుకుంటూ కూకో."

ధర్మారావు వినలేదు. చేతిసంచి సర్దుకుని వీధిలోకి దిగిపోతున్న మీనాక్షినే చూస్తున్నాడు.