దొరగారి నడుము

దొర అంటే మామగారి కుక్క. ఆయన లారీ నడిపే రోజుల్లో ఏదో పెట్రోలు బంకు దగ్గర తోక ఊపుకుంటూ వచ్చి ఎక్కింది. క్లీనరు కూర్చునే చోట ఠీవిగా కూర్చుని, దారిన పోయేవాళ్ళందర్నీ పైనుంచి చూసేదట. అందుకని ఆ పేరు. ఆయన స్టీరింగు వదిలేశాక అదీ ఉద్యోగం మానేసి గుమ్మం దగ్గర చాప మీద స్థిరపడింది.

కొడుక్కి ఓడ మీద ఉద్యోగం. ఏడాదిలో సగం నీళ్ళ మీదే. ఇంట్లో ఉండేది మామగారు, కోడలు, దొర. కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగిస్తుంది. మామాకోడళ్ళకు పడదని కాదు, ఇద్దరికీ మొహమాటం. అందుకే మాటలన్నీ దొర మీదుగా నడిచేవి.

"దొరా, మీ అయ్యగారు అన్నం తిన్నారేమో అడుగు" అని ఆమె అంటే, "తిన్నానని చెప్పరా" అని ఆయన జవాబిచ్చేవారు. తన నడుం నొప్పి సంగతి మాత్రం దొరతో కూడా అనేవారు కాదు.

ఒకరోజు పొద్దున్నే దొర లేవబోయి లేవలేకపోయింది. వెనక కాళ్ళను తడిగుడ్డల్లా ఈడ్చుకుంటూ కాస్త దూరం పోయి కూలబడింది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ జారి నరాన్ని నొక్కుతోందన్నాడు పశువుల డాక్టరు. గుండె బలహీనంగా ఉంది, ఆపరేషనుకు మత్తిస్తే తట్టుకోలేదన్నాడు. జంతువులకు ఆక్యుపంక్చర్ చేసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది, చూపించమన్నాడు.

ఆవిడ గదిలో నేల మీద మెత్తటి పరుపు, కిటికీకి పల్చటి తెర, అరల నిండా మూతలు బిగించిన సీసాలు. ఎండిన వేళ్ళూ బెరళ్ళూ కలగలిసిన ఘాటు వాసన. ఆవిడ తీసిన సూదుల్ని చూడగానే మామగారు ఉండబట్టలేకపోయారు.

"కుక్కకి సూదులేంటమ్మా? అదేమన్నా బొంతా, కుట్టడానికి?"

డాక్టరమ్మ నవ్వింది. "నేనూ మొదట్లో ఇలాగే అన్నానండీ. ఇదేం మంత్రం కాదు. కాళ్ళు మళ్ళీ లేస్తాయని మాటివ్వలేను. నొప్పి తగ్గొచ్చు. తగ్గలేదనిపిస్తే మీరు చెప్పక్కర్లేదు, నేనే ఆపేస్తాను."

వెంట్రుకంత సన్నని సూదులు. మొదటిది గుచ్చగానే దొర తల తిప్పి చూసింది. తర్వాతివాటికి విసుగ్గా మూతి నాక్కుంది. మామగారు నేల మీద చతికిలబడి దాని మెడ మీద చెయ్యి వేశారు. కాసేపటికి దాని కళ్ళు వాలిపోయాయి.

వెళ్ళేటప్పుడు డాక్టరమ్మ చైనా మూలికల పొడి పొట్లం కట్టి ఇచ్చింది. ఉడికించిన గుమ్మడి ముద్దలో కలిపి పెట్టమంది. "నాకు చెప్పకుండా ఇంకే మందూ వెయ్యకండి. ఇవీ మందులే. ఒకదానికొకటి పడకపోవచ్చు" అని మరీ మరీ చెప్పింది.

వారం వారం తీసుకెళ్ళారు. దొర మెల్లగా వెనక కాళ్ళ మీద నిలబడసాగింది. వంకరటింకరగానైనా వాకిలి దాకా వెళ్ళి వీధిని తనిఖీ చేసి వచ్చేది. కోడలి ముఖం వెలిగిపోయింది.

అంతలోనే అది తిండి మానేసింది. వాంతులు. విరేచనం తారులా నల్లగా. పరుగున తీసుకెళ్తే డాక్టరమ్మ ముఖం పాలిపోయింది.

"పొడి ఆపేయండి. నాదే పొరపాటు కావచ్చు. ఇంకేమైనా వేశారా?"

"లేదండీ. నా చేత్తోనే కలిపి పెడుతున్నాను" అంది కోడలు.

మామగారు కిటికీ వైపు చూస్తున్నారు. డాక్టరమ్మ సీసా దించి, అందులో ఏమేం కలిపిందో ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ తప్పు వెతుక్కోసాగింది. ఆయన ఇక భరించలేకపోయారు. జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ పొడిని ఏమీ అనకమ్మా. ఇవి నా నడుముకి వేసుకునేవి. రోజూ దానికీ సగం ముక్క వేస్తున్నాను."

"ఎందుకు మామయ్యా?" అంది కోడలు.

"పొద్దున లేచేటప్పుడు మూలిగేది తల్లీ. ఆ మూలుగు ఎలాంటిదో నాకు తెలుసు. నేను నోరు నొక్కుకుంటాను, అదెట్లా నొక్కుకుంటుంది? నాకు తగ్గేది దానికీ తగ్గుతుందనుకున్నా."

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఈ మాత్రలు కుక్కల కడుపులో పుండ్లు పుట్టిస్తాయండీ. చెప్పి మంచిపని చేశారు. ఇప్పుడేం చెయ్యాలో తెలిసింది" అని సెలైను ఎక్కించే పనిలో పడింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక కోడలు అడిగింది. "ఆ నొప్పి ఎన్నాళ్ళుగా ఉంది?"

"దానికా?"

"మీకు."

ఆయన తల దించుకున్నారు. "లారీ మానకముందు నుంచే. నీకు చెప్పడమంటే... బాగుండదని."

"కనీసం దొరకి చెప్పినా నేను వినేదాన్ని కదా మామయ్యా!"

ఆమెకు ఏడుపొచ్చింది. ఆయనకు ఏం చెయ్యాలో తోచక జేబురుమాలు తీసి ఇచ్చారు.

దొర బతికింది. కడుపు కుదుటపడ్డాక సూదులు మళ్ళీ మొదలయ్యాయి. పొడి కొన్నాళ్ళాగి, కొంచెం కొంచెంగా. మెట్లెక్కడం మాత్రం దానికి మళ్ళీ రాలేదు. కోడలు ఈసారి మామగారిని కూడా ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన నడుముకు పట్టీ వచ్చింది. అది బిగుతని ఆయన ఆమెతోనే గొణుగుతుంటారు.

ఒక సాయంత్రం సూదులతోనే దొర గాఢంగా నిద్రపోయింది. మెడ మీద వేసిన చెయ్యి తియ్యకుండా, గోడకు చేరగిలబడి మామగారూ గురక పెడుతున్నారు. కోడలు గొంతు తగ్గించి అడిగింది.

"డాక్టరుగారూ, నిజం చెప్పండి. తగ్గించింది సూదులా, పొడా, లేకపోతే ఆయన అలా పక్కన కూర్చోవడమా?"

"విడదీసి చెప్పలేనమ్మా" అంది డాక్టరమ్మ. "వచ్చిన మొదటిరోజు ముట్టుకుంటేనే వణికింది. ఇప్పుడు నిద్రపోతోంది. నాకు తెలిసింది అంతే."

ఆవిడ వంగి సూదులన్నీ చప్పుడు కాకుండా తీసేసింది. ఇద్దరూ లేవలేదు. బయట బుట్టలో పిల్లిని పెట్టుకుని ఎవరో ఎదురుచూస్తున్నారు. కోడలు మెల్లగా తలుపు తీసి, "ఇంకాస్సేపు ఆగుతారా? మావాళ్ళు పడుకున్నారు" అని బతిమాలుకుంది.