పడుగు ముడులు

వైశాఖమాసమున మధ్యాహ్నవేళ ప్రచండమార్తాండకిరణపరంపరలచే దిక్కులన్నియు దగ్ధప్రాయములై రాజవీథులు నిర్జనములై అంగడుల కవాటములు మూతపడి కాకులు సైతము నోరు మెదపక చూరుల నీడల నొదిగియుండగా ఆ పట్టణమున జనసమ్మర్దము గల తావు ఒక్కటియే యుండెను. అది సర్కారు ఆసుపత్రి వాకిలి. అదృశ్యరూపిణియగు మహమ్మారి మానవునకు సాటిమానవుని ఊపిరియే విషమను భయమును పుట్టించిన కాలమది యగుటచే ఆ వాకిట వెదురుగడలు అడ్డముగా కట్టబడి ఇవతల బంధువులును అవతల రోగులును రెండు లోకములవారై యుండిరి.

ఇవతలి లోకమున సైకిళ్ల పాకలో మార్కండేయులను నేతపనివాడు నిన్నటి ప్రాతఃకాలము మొదలుకొని నిలుచున్నవాడు నిలుచున్నట్లే యుండెను. అతని భార్య త్రివేణి తొలిచూలాలు. నొప్పులు మొదలిడగా ఆసుపత్రికి గొనిరాబడి వాకిట జరిపిన పరీక్షలో వ్యాధి సోకినదని తేలుటచే ఒంటరిగా లోనికి పోయెను. దారులు మూతపడుటచే కూతురిని పురిటికి పుట్టినింటికి గొనిపోజాలక తానే అల్లునింటికి వచ్చియున్న తల్లి చెన్నమ్మకును ప్రవేశము దొరకలేదు. ప్రసవవేదన పడు ఆడుదానికి పట్టుకొనుటకు తల్లిచేయి యైనను లేకుండ జేసిన వ్యాధిని ఏమని నిందింపవలెను!

ఎండ కొంత వాలిన పిమ్మట నఖశిఖపర్యంతము తెల్లని తొడుగున మునిగియున్న నర్సు ఎస్తేరు రాణి గడల యొద్దకు వచ్చి శిశువు క్రిందికి దిగకున్నదనియు త్రివేణి ఊపిరి గడియగడియకు తగ్గుచున్నదనియు ఆ స్థితిలో మత్తిచ్చి కోయుటకు వైద్యులు జంకుచున్నారనియు ఉన్నదున్నట్లు చెప్పి మరలిపోయెను. పోయి ఊరకుండక తన ఫోనును త్రివేణి చెవియొద్ద నుంచి మగనితో మాటలాడించెను.

"బావా, నాకు ఊపిరాడట్లేదు. ఇంట్లో ముళ్లన్నీ విప్పిందో లేదో అమ్మనడుగు."

కాన్పు కష్టమైనచో గృహమునందలి ముడులన్నియు విప్పి తాళములన్నియు దీయుట చెన్నమ్మ పుట్టినింటి ఆచారము. ఇల్లు వెడలుటకు ముందే ఆమె పెట్టెలు తెరచి దూడ పలుపు విప్పి బియ్యపుకుండలోని పసుపుకొమ్ముల మూటను సైతము సడలించి తన కొప్పును జారవిడిచి యిట్లే విరబోసికొని వచ్చియుండెను. కూతురి మాట వినగానే అల్లుని ప్రక్కనే నిలిచియున్న ఆమె గతుక్కుమనెను.

"అల్లుడూ, మగ్గం మీద పడుగు సంగతి మరిచేపోయాను. వెళ్లి కత్తిరించెయ్యి నాయనా. విప్పుతూ కూర్చుంటే పొద్దుపోతుంది."

మగ్గమున నిలువుపోగులుగా సాగదీసిన ఆ పడుగు త్రివేణిది. పరులకై ఎన్ని చీరలు నేసినను తాను నేసిన చీర తానొకనాడును కట్టి యెరుగని యా యిల్లాలు బిడ్డను ఉయ్యాలలో వేయునాటికి తన చేతిచీర కట్టవలెనని ముచ్చటపడి తొమ్మిదవ నెలలో మగ్గముకడ కూర్చుండి పాత పడుగు కొసలకు క్రొత్త పోగులను జారకుండ బూడిద యద్దిన వ్రేళ్లతో ఒక్కొక్కటిగా ముడివేసెను. పోగులు మూడువేల పైచిలుకు. మార్కండేయులు సాయము రాబోగా "నీ ముడి ఊదితే ఊడిపోద్ది బావా, నువ్వు పోయి పప్పు చూసుకో" అని నవ్వి పంపివేసెను. ముడులు ముగిసినవి గాని పేకనూలు నింపిన నాడె ఒక్కమారైనను విసరకమునుపే జ్వరము వచ్చెను.

సైకిలు మీద ఇల్లు చేరి మార్కండేయులు కత్తెర చేతబట్టి మగ్గము గుంటలో దిగి ఆగిపోయెను. ముడివేసి అతికిన పడుగునకు కత్తెర పెట్టుట యా యింట అతికినవారు మరణించినప్పుడే జరుగును. అతని తల్లి మరణించిననాడు ఆమె అతికిన పడుగును తండ్రి యేడ్చుచు కత్తిరించుట అతడు కన్నులార చూచినవాడు. కత్తిరించెనా బ్రతికియున్న భార్యకు తానే అంత్యక్రియ చేసినట్లగును. కత్తిరింపడా లోపల బిడ్డకు దారి లేదని అత్త మాట. అతనికి ఆచారముల మీద అంత గురి లేదు. అయినను తనచేత కాదగిన పని లోకమున మరి యొక్కటియు లేకపోవుటచే అతనికి గుండెలు పగులునంత భయము కలిగెను.

కత్తెరను చూరున దోపి ఫోనును మగ్గపుదూలము మీద నుంచి అతడు మొదటి ముడిని గోటితో విప్పనారంభించెను.

అవి త్రివేణి ముడులు. అంత సులభముగా వీడునవి కావు. ఒక్కొక్క దానిని విప్పుచున్నంతసేపు ఆమె నిండుకడుపును మోకాళ్లకు ఆనించుకొని వంగి కూర్చున్న భంగి అతని కన్నుల గట్టుచుండెను. గోళ్లు చిట్లెను. వ్రేలికొసల నెత్తురు తెల్లని నూలునకు అంటెను. పోగులు వీడి ఒకవైపున ముంగురులవలె వ్రేలాడసాగెను. రెండుమారులు ఫోను మ్రోగెను గాని అత్తయే. ఏమియు తెలియలేదని ఆమె చెప్పుటయు ఇంకను విప్పుచున్నానని ఇతడు చెప్పుటయు తప్ప వేరుమాట లేకపోయెను.

సాయంకాలమై గోడ నీడ గుంట లోనికి ప్రాకునప్పటికి ముడులలో సగమైనను వీడలేదు. అప్పుడు ఎస్తేరు రాణి ఫోను చేసెను.

"ఆడపిల్లయ్యా. కోయకుండానే పుట్టింది, గట్టిగా ఏడ్చింది కూడా."

"మరి త్రివేణి?"

నర్సు మెల్లగా త్రివేణి స్పృహలో లేదనియు ఊపిరి యంత్రము పెట్టిరనియు రేపు తెల్లవారువరకు ఎవ్వరును ఏమియు చెప్పజాలరనియు చెప్పెను.

ఫోను పెట్టివేసి అతడు మగ్గము వైపు చూచెను. కొన్ని పోగులు ముడితో బిగిసియుండెను. కొన్ని విడివడి గాలికి కదలుచుండెను. బిడ్డ వచ్చుటకు ముడులు విప్పవలెనని పెద్దలు చెప్పిరి గాని తల్లి పోకుండుటకు ఏమి చేయవలెనో ఎవ్వరును చెప్పియుండలేదు. లోకమున ఇన్ని ఆచారములుండి ఆ యొక్కటి లేకపోవుట అతనికి ఘోరమైన అన్యాయముగా తోచి ఆ గుంటలో ఒంటరిగా భోరున నేడ్చెను.

ఏడ్చి లేచి పొయ్యిలోని చల్లారిన బూడిదను చిప్పతో తెచ్చి నెత్తుటివ్రేళ్లకు అద్దుకొని కడపట విప్పిన పోగును తీసి దాని జతపోగుతో కలిపి ముడివేసెను. ఊదిచూచెను. ఊడలేదు. రెండుచేతుల లాగిచూచెను. ఊడలేదు. అతడు రెండవ పోగును వెదకి పట్టుకొనెను.