చంకలో బిళ్ళ

కొక్కెం వేసి లాగితే ఫార్మలిన్ తొట్టిలోంచి ముందు మోకాళ్ళు తేలాయి, తర్వాత పొట్ట, ఆఖరున ముఖం. వరదయ్య ముఖం వైపు చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఏ ముఖమూ చూడలేదు. చంకల కింద తాడు వేసి, పళ్ళు బిగబట్టి, తిట్టుకుంటూ పైకి లాగి తోపుడు బల్ల మీదికి దొర్లించాడు. నీళ్ళోడుతున్న ఆ ముసలావిడ ఏ ఊరిదో, ఎవరి తల్లో తెలియదు. మూడేళ్ళ తర్వాత మెడికల్ కాలేజీకి దొరికిన ఆడ బాడీ, అంతవరకే తెలుసు.

"రేపు రొమ్ము పాఠం. తొమ్మిదికల్లా టేబుల్ మీద ఉండాల," అని ప్రొఫెసర్ సుబ్రమణ్యం నిన్న సాయంత్రమే హుకుం జారీ చేశాడు. మూడేళ్ళు మగ బాడీలు పెట్టుకుని, గోడ మీది పటం చూపించి, ఆ పాఠం మమ అనిపించారు. ఇప్పుడు పెళ్ళికొడుకు వచ్చినంత హడావిడి.

తిరుపతిలో ఉన్న వాసనలన్నీ ఒక ఎత్తు, వరదయ్య వాసన ఒక ఎత్తు. వేళ్ళ చివర తోలు పగుళ్ళిచ్చి, గోళ్ళు పసుపు పచ్చబడి, కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. కాలేజీ ఎదురుగా టీ కొట్టు గురప్ప అతనికని ఒక గ్లాసు విడిగా పెట్టాడు. దాన్ని ఎవరూ పొరపాటున కూడా ముట్టుకోరు. బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. వాళ్ళందరి మీదా వరదయ్యకూ అంతే కోపం. పొద్దున లేచి ఎవరో ఒకరిని తిట్టుకోనిదే అతనికి కడుపు నిండినట్టుండదు.

ఇవాళ ఆ వంతు భార్యకు పడింది.

తాయమ్మ తిరుచానూరులో అమ్మవారి గుడి పక్క పూల అంగడిలో మాలలు కడుతుంది. పొద్దున అతను బయలుదేరే వేళకు గడప మీద కూర్చుని ఎర్ర జాకెట్టు కుట్లు బ్లేడుతో విప్పుతోంది.

"ఏమ్మే, బాగుండే జాకెట్టు చించుతాండావు?"

"పట్టేస్తా ఉండాది. చంకలో బిళ్ళ కట్టిండాదని కార్తీకంలోనే చెప్పినా గదా."

"గులాబీ ముల్లు దిగితే బిళ్ళ కట్టక ఏం కడతాది? సున్నం, బెల్లం పెట్టమంటిని."

"పెట్టినా. తోలు ఊడింది గానీ అది కరగలే."

"తినేది తగ్గించు. జాకెట్టు దానంతట అదే సరిపోతాది."

తాయమ్మ విప్పిన చోట పసుపు పచ్చ గుడ్డ ముక్క పెట్టి అతకడం మొదలుపెట్టింది. ఎడమ చంక కింద మాత్రమే. కుడి వైపు జోలికి పోలేదు. అది వరదయ్య చూశాడు. చూసి, చెప్పులేసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది, చేతికి తగిలితే చంకలో కడుతుంది. దెబ్బ మానితే బిళ్ళ కరుగుతుంది. ఈ సంగతి తెలియని మనిషి ఆ జిల్లాలో లేడు. తాయమ్మ వేళ్ళకు ముల్లు గుచ్చుకోని రోజు లేదు, నార కోసుకోని రోజు లేదు. ఇంక ఆ బిళ్ళ ఎందుకు కట్టిందని ఎవరడుగుతారు?

అతను అడిగినా తాయమ్మ దగ్గరికి రానిచ్చేది కాదు. పెళ్ళి చూపుల్లో అతనిది కాలేజీలో గుమాస్తా పని అన్నారు. నాలుగో నెలలో అసలు సంగతి తెలిసి తాయమ్మ రెండు రోజులు వాంతులు చేసుకుంది. మూడో రోజు లేచి చట్టం చేసింది. బయట కుళాయి దగ్గర స్నానం, విడి కంచం, విడి లోటా, పంచలో పడక. కోమలి పుట్టడానికి ఎన్ని రోజులు కావాలో అన్ని రోజులే ఆ చట్టం సడలింది. కోమలి పెరిగి, పెళ్ళయి కార్వేటినగరం పోయింది. చట్టం మాత్రం ఉంది. "పొద్దాక పీనుగల మీద పెట్టే చేతులు," అనేది తాయమ్మ. అతనూ పట్టుదల మనిషే, ఒక్కనాడు బతిమాలలేదు.

తొమ్మిదింటికి నలభై మంది తెల్లకోట్లు టేబుల్ చుట్టూ మూగారు. సుబ్రమణ్యం సారు ఒక వైపు కోసి చూపిస్తూ ఇంగ్లీషులో పాఠం అందుకున్నాడు. వరదయ్య తల వైపు నిలబడి, ఆయన ఏ పేరు చెబితే దాన్ని ఫోర్‌సెప్స్‌తో ఎత్తి చూపించాడు. ఆయన పేరు చెప్పడం ఒక క్షణం ఆలస్యమైనా వరదయ్య చెయ్యి ముందే అక్కడికి పోతుంది.

రొమ్ము రెండో పక్కటెముక నుంచి ఆరో దాని దాకా, ఛాతీ కండరం మీద పరుచుకుని ఉంటుంది. ఒక కొస మాత్రం తోకలా చంకలోకి పోతుంది. దానికి రక్తం మూడు వైపుల నుంచి వస్తుంది: రొమ్ము ఎముక పక్కనుంచి, చంకలోంచి, పక్కటెముకల సందుల్లోంచి. రక్తం కాక లింఫ్ అనే పల్చటి నీరు ఇంకొకటుంది. అది రొమ్ములోంచి సన్నటి కాలువల్లో బయలుదేరి, ముప్పాతిక భాగం చంకలోని చిన్న గింజల్లాంటి నోడ్లకే చేరుతుంది. తక్కినది రొమ్ము ఎముక వెనక్కి పోతుంది. అందుకే రొమ్ములో పుట్టిన చెడు ముందుగా చంకలో బయటపడుతుంది. కొందరికి చర్మం లోపలికి లాగినట్టయి, నారింజ తొక్కలా గుంటలు పడుతుంది.

చంకలో నోడ్లు అయిదు గుంపులు. "యాంటీరియర్, పోస్టీరియర్, లాటరల్, సెంట్రల్, ఏపికల్," అని వరదయ్య నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. రొమ్ము నీరు ముందు గుంపుకు, చెయ్యి నీరు పక్క గుంపుకు. పరీక్షల ముందు పిల్లలు గురప్ప కొట్టు దగ్గర అతన్ని పట్టుకుని ఇదంతా చెప్పించుకుని, టీ తాగించి పోయేవాళ్ళు. చెబుతున్నంత సేపూ వాళ్ళను మనసులో తిట్టుకునేవాడు.

పాఠం చెప్పి సారు తన గదికి వెళ్ళిపోయాడు. పిల్లలు రెండో వైపు కోతలు మొదలుపెట్టారు. వరదయ్య రంగు డబ్బాలు తెచ్చుకున్నాడు. ధమనులకు ఎరుపు, సిరలకు నీలం, నరాలకు పసుపు, నోడ్లకు ఆకుపచ్చ. సన్న కుంచెతో ఒక్కొక్కటే దిద్దాలి, పక్కదానికి అంటకూడదు. ఈ ఒక్క పనిలో అతనికి కోపం ఉండదు.

నవీన అనే అమ్మాయి చంకలోని కొవ్వు తీస్తూ, చిక్కుడు గింజంత గట్టి ముక్క తగిలేసరికి ఊడబెరకబోయింది.

"దాన్ని తియ్యొద్దుమా! నోడు అది. దాని కోసమే గదా ఇంతసేపూ తొవ్వుతా ఉండేది?"

ఆ పిల్ల నాలుక్కరుచుకుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల, ఇంగ్లీషు పాఠం ఇంకా సగమే ఎక్కుతోంది.

"అన్నా, నోడు నోడు అంటా ఉండారే, దీన్ని మన పక్క ఏమంటారు?"

ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. వరదయ్య కుంచెను ఆకుపచ్చ రంగులో ముంచుతూ చెప్పాడు.

"బిళ్ళ. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కడతాది చూడు, అదే."

"ఓ, బిళ్ళేనా!" అని ఆ పిల్ల నవ్వింది. "అట్లయితే రొమ్ములో గడ్డ లేస్తే చంకలో బిళ్ళ కడతాదనే గదా సారు చెప్పింది. ఇంతేనా, దీనికి ఇంత ఇంగ్లీషా?"

కుంచె కొసన రంగు చుక్క కట్టి, ముసలావిడ పక్కటెముకల మీద పడింది.

"ఏమన్నా? తప్పు చెప్పినానా?"

"లేదుమా. రైటే."

తుడవబోతే చుక్క ఇంకా పులుముకుపోయింది. హాల్లో అది నోడు, ఇంట్లో అది బిళ్ళ. ఒకటి ఇంగ్లీషుది, ఒకటి తాయమ్మది. ఆ రెండూ ఒకటేనని ఇన్నాళ్ళు అతని బుర్రకు తట్టనే లేదు. ఎడమ చంక కింద పసుపు పచ్చ ముక్క కళ్ళ ముందుకు వచ్చింది. ముల్లు గుచ్చుకునేది కుడి చేతికి. తాయమ్మ నార పట్టేది ఎడమ చేత్తో, ముళ్ళ పూలు ఏరేది కుడి చేత్తో. అయినా ఎడమ చేతికి నార కోసుకోదా? కోసుకుంటుంది. కోసుకునే ఉంటుంది. అది పక్క గుంపే అయి ఉంటుంది, చెయ్యిదే అయి ఉంటుంది. కుంచె డబ్బాలో పడేసి హాల్లోంచి బయటికి నడిచాడు. ఎవరికీ చెప్పుకోలేని భయం.

ప్రొఫెసర్ గది వాకిట నిలబడ్డాడు.

"సార్, ఇంటికి పోవల్ల. అర్జెంటు."

"మూడేళ్ళకు ఆడ బాడీ దొరికితే, ఈ రోజే నీకు అర్జెంటు వచ్చిందా? మధ్యాహ్నం రెండో బ్యాచికి నువ్వు లేకుంటే ఎవరు నిలబడతారు, నేనా?"

"ఇంట్లో దానికి చంకలో..." అని ఆగిపోయాడు. ఆ మాట నోట్లోంచి ఊడిపడితే నిజమైపోతుందని తోచింది.

"చంకలో?"

"సెగ్గడ్డ సార్."

"సెగ్గడ్డకు లీవా! పోయి పని చూసుకో."

పోయి పని చూసుకున్నాడు. మధ్యాహ్నం ఇంకో నలభై మందికి అదే పాఠం, అవే అయిదు గుంపులు. సారు "యాంటీరియర్" అన్నప్పుడు వరదయ్య చెయ్యి పక్క గుంపు మీదికి పోయింది. పిల్లలు కిసుక్కుమన్నారు. అతని చెయ్యి తప్పడం ఆ కాలేజీలో అదే మొదటిసారి.

నాలుగున్నరకు తిరుచానూరు బస్సు దిగి, పూల అంగడికి పోకుండా నేరుగా ఇంటికి వచ్చాడు. తాయమ్మ అప్పుడే వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. పొద్దున అతికిన జాకెట్టే తొడుక్కుని ఉంది. అతను స్నానం చెయ్యకుండా లోపలికి రావడం చూసి ఉలిక్కిపడి లేచింది.

"ఏందయ్యా ఇది? కుళాయి బయట ఉండాది."

"బిళ్ళ యాడ ఉండాది?"

"ఏం?"

"చెయ్యి పక్కనా, రొమ్ము పక్కనా? వేలు పెట్టి చూపించు."

"నీకేం పిచ్చా? కార్తీకం నుంచీ చెప్తా ఉంటే సున్నం పెట్టుకోమంటివి. ఈ రోజు కొత్తగా..."

"యాడ ఉండాదే!" అని అరిచాడు. ఎదురింటి దేవకమ్మ కిటికీలోంచి తొంగి చూసింది.

తాయమ్మ అతని ముఖం చూసింది. తర్వాత కుడి చెయ్యి చాచి, ఎడమ చంకలో వేలు పెట్టి చూపించింది. వేలు చెయ్యి పక్కకు పోలేదు. ముందుకు, పక్కటెముకల మీదికి, రొమ్ము అంచు వెనక్కి పోయింది. ముందు గుంపు.

"ఒకటేనా?"

"ముందు ఒకటి. ఇప్పుడు మూడు."

"రొమ్ములో?"

తాయమ్మ గోడ వైపు తిరిగింది.

"గడ్డ ఉండాది. రెండేండ్లాయ."

"రెండేండ్లా! నాకు చెప్పొద్దా, దొంగముండా? ఇరవై రెండేండ్లు నేను చేసే పనేందే?"

"నువ్వు చేసే పని తెలిసే చెప్పలే." ఆమె గొంతులో ఏడుపు లేదు, పాత కసి ఉంది. "నువ్వు నా పక్క చూసేది పీనుగను చూసినట్టే చూస్తావు. బతికుండంగానే నీ బల్ల మీదికి ఎందుకెక్కాలని చెప్పలే."

పొద్దున తినేది తగ్గించమన్న తన మాటే తిరిగి వచ్చి చెంప మీద కొట్టినట్టయింది. బయటికి పోయి కుళాయి కింద సబ్బుతో చేతులు కడిగాడు. మళ్ళీ కడిగాడు. కొబ్బరి పీచుతో రుద్దాడు. గోరు కింద ఆకుపచ్చ రంగు వదల్లేదు. లోపలికి వచ్చి, చేతులు ముందుకు చాపి గడపలో నిలబడ్డాడు.

"కడుక్కున్నా," అన్నాడు.

తాయమ్మ ఆ చేతుల వైపు చాలా సేపు చూసింది. పైట కొంచెం తొలగించింది. ఎడమ వైపు చర్మం నారింజ తొక్కలా గుంటలు పడి ఉంది. అతను ఒక అడుగు ముందుకు వేసేసరికి పైట కప్పేసుకుంది.

"చూసినావు గదా. చాల్లే."

"రేపు ఆస్పత్రికి పోదాం."

"రేపు శుక్రవారం. అమ్మవారి మాలలు ఉండాయి. శనివారం పోదాం."

శనివారం పోయారు. ఇంట్లో చదువు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరా, ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారని డాక్టరమ్మ కోప్పడింది. "ఉండాడు," అంది తాయమ్మ, భర్త వైపు చూడకుండా. "పీనుగల కాడ పాఠాలు చెప్తాడు."

ఎడమ రొమ్ము తీసేశారు. చంకలోవీ తీశారు, లోపలికి పోయినవి తియ్యలేకపోయారు. ఆషాఢం ఎండలో, మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ, కంచం కింద పెట్టి పక్కకు ఒరిగింది తాయమ్మ. ఆ రోజూ వరదయ్య డ్యూటీలోనే ఉన్నాడు. కబురు అంది ఇంటికి వచ్చి, ఎవరు చెప్పినా వినకుండా ముందు కుళాయి దగ్గరికి పోయి స్నానం చేశాడు. తర్వాత లోపలికి వచ్చి ఆమె ముఖం చూశాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వద్దనడానికి ఆమె లేదు.

కర్మ అయ్యాక కోమలి అమ్మ చీరలు మూట కట్టుకుని కార్వేటినగరం పోయింది. పనికొచ్చే జాకెట్లు కూడా తీసుకుపోయింది. ఒక్కటి వదిలేసింది. పంచలో అతని మంచం పైన తీగ మీద ఆ ఎర్ర జాకెట్టు ఇంకా వేలాడుతోంది, ఎడమ చంక కింద పసుపు పచ్చ ముక్క, దాని పక్కన ఇంకా కొంచెం వదులు చేసుకోవాలని గుచ్చి ఉంచిన సూది.