గది నిండా మోగే పెట్టె

ఎడమచేత్తో అంచు పట్టుకుని, కుడి అరచేయి నడుమ ఆనించి, ఇసోగాయ్ ఆ బరువైన తలుపుని చప్పుడు లేకుండా మూశాడు. లోపల వాద్యబృందం శ్రుతి చూసుకోవడం ఆపేసింది. ఇక విరామం దాకా ఆలస్యంగా వచ్చినవాళ్లని ఆపడం, దగ్గు తెర వచ్చి బయటికి పరిగెత్తేవాళ్లకి దారివ్వడం, మిగతా సమయమంతా తలుపుకి వీపు పెట్టి నిలబడడం అతని పని. జపాన్‌లో నీగాటా నగరంలోని ఆ సంగీత మందిరంలో జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ ఇదే ఉద్యోగం. రిటైర్ చేసి, సగం జీతానికి మళ్లీ ఆ తలుపు దగ్గరే నిలబెట్టారు. బక్కపలచటి మనిషి. యూనిఫాం భుజాలు ఎప్పుడూ కిందికి జారి ఉంటాయి. గొప్ప గొప్ప సంగీతమంతా మందపాటి చెక్కలోంచి అదురుగా వచ్చి అతని వీపుకి తగిలి పోయేది.

ఆ ఉదయం మాత్రం వయొలిన్ ఒక్కటే మొదలయ్యే చోట ఆగలేకపోయాడు. తలుపు వేలెడు సందు తెరిచాడు. అది మేనేజరు కంట పడింది. నిన్నగాక మొన్న వచ్చిన ఆ మనిషి, విరామంలో టికెట్ల అమ్మాయిల ముందే నిలబెట్టి కడిగేశాడు.

“మీకు జీతమిచ్చేది తలుపు మూయడానికి, ఇసోగాయ్ గారూ. వినడానికి కాదు.”

ఇసోగాయ్ నడుం వంచి క్షమాపణ చెప్పాడు. వంగిన నడుం లేచేసరికి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో వెనక వరసలో ఖాళీ కుర్చీ చూపించి కాసేపు కూర్చోమన్న పాపాన పోయారా ఎవరైనా? ఆ మందిరంలోనే రికార్డు చేసిన వార్షికోత్సవ కచేరీ సీడీ మాత్రం సిబ్బందందరికీ పంచారు. వాయించే యంత్రం లేక అది అతని అరలో పడుంది. డ్యూటీ దిగగానే ఆ సీడీ జేబులో వేసుకుని, స్టేషన్ పక్కనున్న ఎలక్ట్రానిక్స్ దుకాణానికి నేరుగా నడిచాడు.

సీడీ ప్లేయర్ కావాలన్నాడు. అది తప్ప అక్కడ అన్నీ చూపించారు. రేడియో, గడియారం కలిసినది, మైకు పట్టుకుని పాడుకునేది, పెద్దవాళ్ల కోసమని అరచేతులంత బొత్తాలున్నది. అసలు ఇప్పుడు అందరూ ఫోన్లోనే వింటున్నారని సేల్స్‌మన్ నవ్వుతూ చెప్పాడు. చివరికి అరచేతిలో పట్టే ఒకదాన్ని తెచ్చి, దాని ఇయర్‌ఫోన్లు అతని చెవుల్లో పెట్టబోయాడు.

“అద్దె గదులకి ఇదే మంచిది తాతగారూ. పక్కింటివాళ్లకి ఇబ్బంది ఉండదు.”

ఇసోగాయ్ ఆ చెయ్యి తోసేశాడు.

“నీకు తాతనెప్పుడయ్యానయ్యా నేను? లోపలివాళ్లకి ఇబ్బంది కాకూడదని బతుకంతా తలుపులు మూశాను. ఇంటికెళ్లి చెవులు కూడా మూసుకోమంటావా? గది నిండా మోగేది చూపించు.”

అది కింది అరలో మూలకి తోసేసి ఉంది. సీడీ తప్ప ఇంకేమీ వాయించదు. రెండు పక్కలా వెడల్పాటి స్పీకర్లు, ముందు గుండ్రటి మీట. దుకాణం వాళ్ల సీడీ పెట్టించి మీట తిప్పాడు. మోత రొమ్ములో తగిలింది. చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాడు. ఇంటికి పంపిస్తామన్నా వినకుండా పెట్టెని రెండు చేతులా పొదివి పట్టుకుని బయటపడ్డాడు.

అంత కోపంలోనూ అలవాటు పోలేదు. దారిలో తెల్ల కాగితం చుట్టిన చేతి తువ్వాళ్లు కొని, తన వరసలోని ఇళ్లన్నిటికీ వెళ్లి ఒక్కొక్కటి ఇచ్చి, చప్పుడు చేయబోతున్నానని ముందుగానే మన్నింపు అడిగాడు. మేకులు కొట్టేటప్పుడో ఇల్లు మారేటప్పుడో తప్ప ఎవరూ అలా పంచరు. పక్క గది హమనాక గారు తువ్వాలు అందుకుని, “అయ్యో, ఖాళీ చేస్తున్నారా?” అంది.

“లేదండీ. పాట వింటాను.”

ఆమె తల వంచి తలుపు వేసుకుంది.

ఎండ ఇంకా గోడ మీద ఉండగానే చాప మీద కూర్చుని మీట సగం పైకి తిప్పాడు. మొదట హాల్లో దగ్గులు, కాగితాల గరగర. తన తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. వినపడలేదు. అంత బాగా మూశాడన్నమాట. తర్వాత వయొలిన్ ఒక్కటీ లేచింది, మధ్యలో చెక్క లేకుండా, వాయించేవాడి ఊపిరితో సహా. ఇదా ఇన్నాళ్లూ వీళ్లు తన వీపు వెనక దాచుకున్నది? కోపంతోనే ఏడుపొచ్చింది. ఏడ్చాడు. చప్పట్లయ్యాక మళ్లీ మళ్లీ వాయించే బొత్తాం నొక్కి గోడకి చేరగిలబడ్డాడు.

భోజనాల వేళయినా పాట ఆగలేదు. ఆ వరసలోవాళ్లందరూ పళ్లు బిగించుకుని టీవీల సౌండు పెంచారు. తువ్వాలు తీసుకున్నాక తలుపు కొట్టి అడగడం మర్యాద కాదు. ఏం మర్యాద అది! ఇంత పలచటి గోడకి ఇటుపక్క మనిషి ఉన్నాడో లేడో కనుక్కోనివ్వని మర్యాద. తెల్లారినా మోగుతుంటే హమనాక గారు ఇంటి యజమానికి ఫోన్ చేసింది. అదీ చప్పుడు గురించే.

యజమాని తన తాళంతో తలుపు తీసుకుని, “ఇసోగాయ్ గారూ, కాస్త...” అంటూనే లోపలికొచ్చాడు. గోడకి ఆనుకున్న మనిషి వంక చూడనైనా చూడకుండా ముందు మీట పట్టుకుని చివరిదాకా కిందికి తిప్పాడు. సౌండు పోయాక వెనక్కి తిరిగాడు. ముఖం అప్పుడు చూశాడు.

మధ్యాహ్నానికి ముఖం మీదుగా తెల్లగుడ్డ కప్పి ఇసోగాయ్‌ని తీసుకెళ్లిపోయారు. హడావుడిలో ప్లేయర్ ఆపాలని ఎవరికీ తోచలేదు. ఖాళీ గదిలో, చాప మీద, సీడీ ఇంకా తిరుగుతూనే ఉంది, కిక్కురుమనకుండా.