హస్తవాసి

పావుగంటైంది, ఇంకా రాదేంటి, ఒక్క డబ్బా నింపడానికి ఇంతసేపా, అబ్బో, మహారాణి కదా, అన్నీ తీరిగ్గానే, నేనిక్కడ వెనక తాళ్ళు కట్టిన ఆస్పత్రి గౌనులో చక్రాల కుర్చీలో చలికి ముడుచుకుని కూచోవాలి, ఆవిడ ఆ బాత్‌రూమ్ తలుపు వెనక తాపీగా కూచోవాలి, మా ఆయన ఏదో కాగితం మీద సంతకం పెట్టాలని వెళ్ళి మాయమైపోయాడు, వెళ్తాడులే పాపం, వంక దొరికింది, మా ఇద్దరి మధ్య నిలబడాలంటే ఆయనకి ఎప్పుడూ భయమే, ఇంతకీ లోపలున్నది ఎవరంటే నా తోడికోడలు, మా మరిది పెళ్ళాం, నాతో ఎనిమిదేళ్ళుగా మాటల్లేని మనిషి, ఆవిడ అక్కడ కూచుని నా ప్రాణం నిలబెట్టడానికి మలం ఇస్తోంది, మలం, అవును, నవ్వొస్తే నవ్వండి, వేరేవాళ్ళ గురించి వింటే నేనూ పడీ పడీ నవ్వేదాన్ని, దాన్ని ఉప్పునీళ్ళలో కలిపి, వడగట్టి, గొట్టంతో నా పేగుల్లోకి ఎక్కిస్తారట, ఛీ, తలుచుకుంటేనే వాంతొస్తోంది, కానీ వాంతి చేసుకోవడానిక్కూడా లోపల ఏమీ లేదు, యాభై ఎనిమిది కిలోల మనిషిని ముప్ఫై తొమ్మిదికి వచ్చాను, గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి, ఇంకోసారి తిరగబెడితే నిలవదమ్మా అని కళ్ళజోడు డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆ డాక్టరు, నా కొడుకు వయసు ఉంటుందేమో, నాకు పాఠం చెప్తాడా, మన ఒంట్లో మన కణాలెన్ని ఉన్నాయో సుమారుగా అన్ని సూక్ష్మజీవులున్నాయండీ, చర్మం మీద, పళ్ళ సందుల్లో, బొడ్డులో, అన్నిటికంటే ఎక్కువగా పేగుల్లో, చాలావరకు మన మేలు కోరేవే, తిన్నది అరిగిస్తాయి, విటమిన్లు చేస్తాయి, చెడ్డవాటికి చోటివ్వకుండా కిక్కిరిసి కూచుంటాయి, మీరు వేసుకున్న మందు ఆ మంచివాళ్ళందరినీ తుడిచిపెట్టేసింది, ఇళ్ళన్నీ ఖాళీ అయ్యాయి, మిగిలిన రౌడీ ఒకడు వచ్చి వీధంతా ఆక్రమించుకున్నాడు అంటాడు, నాకా చెప్పేది, ఇరవై రెండేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నదాన్ని, క్రిముల్ని చంపడమే నా బతుకు, సబ్బులు, లోషన్లు, పుక్కిలించే నీళ్ళు, కౌంటరు మీద ఎప్పుడూ చేతులు తుడుచుకునే సీసా, ఒక్కటి మిగలకూడదు అనుకునేదాన్ని, నా చిగురు వాచినప్పుడు కూడా పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళానా, ఎందుకెళ్తాను, నా షాపు, నా అలమార, చెయ్యి చాపితే గట్టి మందు, పదిరోజులు వేసుకున్నాను, చిగురు తగ్గింది, పన్నెండోరోజు పొద్దున మొదలైంది, రోజుకి పదిహేనుసార్లు, ఇరవైసార్లు, నీళ్ళు, రక్తం, మెలిపెట్టే నొప్పి, మళ్ళీ మందు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ అదే, మూడుసార్లు, నాలుగుసార్లు, షాపు మూసి ఇంట్లో బాత్‌రూమ్ గుమ్మం దగ్గర చాప వేసుకుని పడుకున్నాను, ఎవరికీ చెప్పుకోలేని రోగం, పగవాళ్ళక్కూడా వద్దు.

పగవాళ్ళు అంటే గుర్తొచ్చింది, ఇంకా రాలేదేం, మందులు పనిచెయ్యవు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలం ఎక్కించడమే దారి, ఇక్కడ దాచిపెట్టిన నిల్వేం లేదు, మీవాళ్ళలోనే ఎవరినైనా తెచ్చుకోండి, ఒక్కటే షరతు, మూడు నెలలుగా యాంటీబయాటిక్ ముట్టకూడదు అన్నాడు కళ్ళజోడు, ఓస్ అంతేనా అనుకున్నాను, అందరం ఆయన గదిలో వరసగా కూచున్నాం, ఆయన పెన్ను పట్టుకుని ఒక్కొక్కరినీ అడిగాడు, మా ఆయన, దగ్గుకి పోయిన నెలలోనే రెండుసార్లు వేసుకున్నానండీ అన్నాడు, మావాడు, మొటిమలకి రోజూ ఒకటి, మూడోనెల అన్నాడు, మరిది, పన్ను నొప్పికి, మా అక్క, మోకాలి దెబ్బకి, అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు, ఆవిడ ఎలాగూ పనికిరాదు, అయినా నోరూరుకోక నాక్కూడా ఇస్తుందిగా మా పెద్దకోడలు, మూత్రంలో మంటకి, మా పెద్దకోడలి హస్తవాసి మంచిది అని చెప్పింది, ఎక్కడ చెప్పాలో తెలియదు ఆ ముసలావిడకి, డాక్టరు పెన్ను ఆపి, ఈ మందులన్నీ ఎవరు రాశారండీ అన్నాడు, అందరూ నా వైపు చూశారు, జన్మలో ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు, పక్కింటి వాళ్ళని అడుగుదామా అంటే వాళ్ళూ నా దగ్గర కొన్నవాళ్ళే, ఎదురింటాయన, పాలు పోసే ఆవిడ, ఆ వీధి చివరిదాకా తుమ్మితే నా దగ్గరికే వస్తారు, తుమ్మినవాణ్ణి ఒట్టి చేతుల్తో పంపడం నాకు నామోషీ, అప్పుడు మరిది మెల్లిగా, నేలచూపులు చూస్తూ, మా ఆవిడ వేసుకోదండీ, వదిన చేతి మందు అసలు ముట్టుకోదు అన్నాడు.

ముట్టుకోదట, ఎంత పొగరు, మొక్కల నర్సరీలో పనిచేస్తుంది, పొద్దస్తమానం మట్టి పిసుకుతూ, ఎరువు కలుపుతూ, గోళ్ళ సందుల్లో నలుపు ఏనాడూ పోదు, ఆ మట్టిచేతుల మనిషికి పరీక్షలన్నీ చేసి, రక్తం తీసి, మలం తీసి, చాలా బాగున్నాయండీ ఈవిడ క్రిములు, ఇన్ని రకాలు ఈమధ్య ఎవరిలోనూ చూడలేదు అని కళ్ళజోడు మురిసిపోయాడు, క్రిములు బాగున్నాయట, సంబంధం కలుపుకునేలా ఉన్నాడు, నా కడుపు మండిపోయింది, ఆవిడ మాత్రం నవ్వలేదు, ఇస్తాను, కానీ ముందు అక్కతో ఒక మాట ఉంది అని మరిదితో కబురంపింది, ఏ మాటో నాకు తెలుసు, మూడు వారాలుగా ఆ మాట తలుచుకుని నొప్పులకంటే ఎక్కువ హడలిపోతున్నాను.

చెప్పనా, చెప్తాను, నాకేం భయం, ఎనిమిదేళ్ళ కిందట వాళ్ళ పాపకి జలుబు, ఏడేళ్ళ పిల్ల, ముక్కు కారుతోంది, కొంచెం దగ్గు, అక్కా ఏమైనా ఇస్తారా అని షాపుకొచ్చింది, అప్పట్లో నోరారా అక్కా అనేది లెండి, ఇచ్చాను, అయిదురోజుల సీసా, తియ్యగా నారింజ వాసనొచ్చేది, అందరికీ ఇచ్చేదే, వారం తిరక్కుండా పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి, ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉంది, పుల్లలా అయిపోయింది, ఆ మంచం దగ్గర అందరం చేరి ఉండగా ఇది, ఈ చిన్నకోడలు, మందు వేశాకే మొదలైందక్కా అంది, అందరి ముందూ, నా హస్తవాసిని నమ్ముకుని బతికే నన్ను పట్టుకుని, ఒళ్ళు మండదా మరి, మందుదేం కాదు, నీ మట్టిచేతులతో పెట్టిన తిండిది, కడుక్కోకుండా పిల్లకి ముద్దలు పెడితే ఇంకేమవుతుంది అన్నాను, ఎవరన్నా తప్పు అన్నారా, అనలేదు, మందుల షాపు ఆవిడ చెప్పింది కదా, తెలిసిన మనిషి కదా, ఆ రోజు నుంచి అత్తగారు చిన్నకోడలిని వంటింట్లోకి రానివ్వలేదు, దాని చేతి మంచినీళ్ళు కూడా తాగలేదు, ఇంటికి ఎవరైనా వస్తే ఇది హాల్లో ఓ మూల కూచునేది, నేను వడ్డించేదాన్ని, పిల్ల బతికింది కదా, ఇప్పుడు పదిహేనేళ్ళు, ఏదో కడుపు నొప్పి అని అప్పుడప్పుడూ బడి మానేస్తుందట, అందరి పిల్లలూ మానేస్తారు, అదేమన్నా విడ్డూరమా.

తలుపు తీసింది, వచ్చేసింది, గోధుమరంగు కాగితం సంచీలో డబ్బా, నర్సుకివ్వాలి కదా, ఇవ్వలేదు, నాకెదురుగా ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూచుంది, సంచీ ఒళ్ళో పెట్టుకుంది, రెండు చేతులూ దానిమీద వేసి, పసిపిల్లని పట్టుకున్నట్టు, నా ప్రాణం దాని ఒళ్ళో ఉంది, నేను గోడమీద ఉన్న అగ్నిమాపక సూచనలు మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను, అక్కా అంది, ఎనిమిదేళ్ళ తర్వాత, ఆ గొంతు బొంగురుపోయింది, వయసొచ్చేసింది దీనికి కూడా, ఒక్క మాట అనండి చాలు, మీరిచ్చిన మందు వల్లే పాపకి అలా అయిందని, నాతో కాదు, రేపు ఇంటికొచ్చాక అత్తయ్యగారితో అనండి, అంతే నేనడిగేది అంది, నేను మూడో సూచన చదువుతున్నాను, డాక్టరు మీకు చెప్పాడటగా ఎందువల్ల వచ్చిందో, మీకొచ్చిందీ పాపకొచ్చిందీ ఒకటే కాదా అంది, అబ్బ, ఎంత తెలివి, ఎంత చోటు చూసుకుని అడుగుతోంది, చక్రాల కుర్చీలో గౌనుతో కూచోబెట్టి అడుగుతోంది, బెదిరింపు కాకపోతే ఏంటిది, అననే అనను, చచ్చినా అనను, చస్తాను కూడా, చస్తే చస్తాను, మావాడికి ఇంకా చదువు పూర్తికాలేదు, మా ఆయనకి కాఫీ పెట్టుకోవడం కూడా రాదు, అయినా అనను, అంటే ఏం మిగుల్తుంది నాకు, రేపు షాపు తెరిస్తే ఎవరొస్తారు, ఇరవై రెండేళ్ళ పేరు, పెద్దకోడలి హస్తవాసి, ఆ ముసలావిడ మొహం ఎలా చూడాలి, రౌడీ అన్నాడే డాక్టరు, వాడు లోపల మళ్ళీ తిప్పుతున్నాడు, కడుపు పట్టుకున్నాను, అది చూసింది, కళ్ళు తిప్పుకోలేదు, జాలి పడలేదు, నాకు దాని జాలి అక్కర్లేదు.

నర్సు వచ్చింది, ఏంటండీ ఇంకా మీ దగ్గరే పెట్టుకున్నారా, ఆలస్యమైతే లోపలున్నవి చచ్చిపోతాయి, ఇవ్వండి అంది, చెయ్యి చాపింది, ఇది నావైపే చూస్తూ కూచుంది, నేను గోడవైపు, ఎంతసేపు, నర్సు చెయ్యి అలాగే ఉంది, అప్పుడు కుర్చీ చప్పుడైంది, తిరిగి చూస్తే సంచీ నర్సు చేతిలో ఉంది, ఇచ్చేసింది, నేనేమీ అనకుండానే ఇచ్చేసింది, నర్సు చకచకా వెళ్ళిపోయింది, ఏంటిది, ఎందుకిచ్చింది, గెలిచానా నేను, మీరు అనరని నాకు తెలుసు అంది, అనకపోతే ఇవ్వననుకున్నారా, నేను మీలాంటిదాన్ని కాదు, నా మీద కోపమొస్తే నా పిల్ల మంచం దగ్గర కూడా ఊరుకోలేదు మీరు, ఒక్కటి చెప్పి పోతాను, అందరూ మిమ్మల్ని నమ్మారు కదా, నేను కూడా నమ్మాను, నాలుగేళ్ళు, నా చేతులే నా పిల్లని తినేశాయనుకున్నాను, దానికి అన్నం పెట్టాలంటే రబ్బరు తొడుగులు వేసుకునేదాన్ని, పసిది ఎందుకమ్మా అని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు, ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది, మీరు బతకండక్కా, నాకు మీరంటే అసహ్యం, అయినా బతకండి అని, చెప్పులు టకటకమనిపించుకుంటూ ఆ పొడుగు వరండా వెంట వెళ్ళిపోయింది, వెనక్కి చూడలేదు, చూస్తుందేమోనని చూశాను, మలుపు తిరిగింది.

వెళ్ళనీ, పీడా పోయింది, నాకు కావలసింది దొరికింది, మందు వల్ల కాదు, అప్పుడూ కాదు ఇప్పుడూ కాదు, ఎవరన్నారు రెండూ ఒకటేనని, పిల్లకి పరీక్ష చేశారా, చెయ్యలేదు, మరి, ఎవరితో అంటున్నాను నేను, ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది, అడిగేవాళ్ళు లేరు, కాదనడానికి ఎవరూ లేరు, రబ్బరు తొడుగులట, ఆ తొడుగుల పెట్టె నా షాపులోనే కొని ఉంటుందా, లేదు, నా షాపు గడప తొక్కలేదుగా, వేరెక్కడో కొనుక్కుని, వాసనొచ్చే ఆ తొడుగుల చేత్తో పిల్ల నోట్లో ముద్ద, నేనెందుకు ఊహించుకుంటున్నాను ఇదంతా, నర్సు వచ్చి కుర్చీ వెనక పట్టుకుంది, పదండమ్మా, భయపడకండి అంటోంది, చక్రాలు కదిలాయి, పైన దీపాలు ఒకటొకటే వెనక్కి పోతున్నాయి, ఆ రోజు కూడా ఆస్పత్రికి బయల్దేరే ముందు, పిల్లకి బాలేదని ఫోనొచ్చాక, షాపులో ఎవరూ లేరు, నేను అలమార తీశాను, అవును తీశాను, ఆ నారింజ సీసా అట్టపెట్టె ఇంకోటి ఉంది, అందులోంచి కాగితం లాగాను, సన్నటి అక్షరాలు, కళ్ళజోడు పెట్టుకుని కౌంటరు మీద పరిచి చదివాను, మూడో మడతలో ఉంది, కొందరికి మందు ఆపాక కూడా తీవ్రమైన విరేచనాలు రావచ్చు, వెంటనే డాక్టరుకి చెప్పాలి అని ఉంది, రెండుసార్లు చదివాను, మళ్ళీ ఆ మడతల్లోనే మడిచి, పెట్టెలో పెట్టి, అలమారలో వెనకవరసలోకి తోసి, చేతులు తుడుచుకుని, అప్పుడు షట్టరు దించి, అప్పుడు ఆస్పత్రికెళ్ళి, ఆ మంచం దగ్గర, అందరి ముందూ, నీ మట్టిచేతులు అన్నాను, కోపంలో నోరుజారలేదు, తెలియక అనలేదు, తెలిసే అన్నాను.