బిషప్ సంతకం

పెళ్లికి మాకు నాలుగు వాఫిల్ పెనాలు వచ్చాయి. వాటిలో బాగా పనిచేసేది మేరెన్ ఇచ్చిందే. పొద్దున్నే మూత ఎత్తగానే వెన్న వాసన, వెనక నుంచి మా ఆయన హైరమ్ ముద్దు. పెళ్లయి ఆరు వారాలైనా నాకింకా నవ్వాగదు.

మేరెన్, నేను పెళ్లికి ముందు ఒకే గదిలో ఉండేవాళ్లం. యూటాలో మా చర్చి నడిపే యూనివర్సిటీలో అయిదువేల మీటర్ల పరుగంటే ఆమే. తనకు అమ్మాయిలంటే ఇష్టమని నాకొక్కదానికే చెప్పింది. ఇష్టపడటం మా నియమాల్లో తప్పు కాదు, చెయ్యి పట్టుకోవడం తప్పు. మా అందరి చదువూ, నడవడి సరిగా ఉందని ఎవరి సంఘం బిషప్ వారికి ఏటా పెట్టే సంతకం మీదే. ఆయన వెనక్కి తీసుకుంటే ఆ రోజుతో సరి.

నేను చదువుకుంటూనే క్రీడల ఆఫీసులో గుమాస్తాగిరీ చేస్తాను. ఫిబ్రవరిలో యూనివర్సిటీల పెద్ద క్రీడా కూటమి వాళ్లు మమ్మల్ని చేర్చుకోవచ్చో లేదో చూడటానికి వస్తున్నారు. డైరెక్టర్ ఆస్లర్ నన్ను లోపలికి పిలిచారు.

"సిస్టర్ పాక్స్‌టన్!"

మా చర్చిలో ఆడవాళ్లందరూ సిస్టర్లే. కానీ కొత్త ఇంటిపేరు! మళ్లీ పిలిస్తే బాగుండుననిపించింది.

"వాళ్లడిగేది గే పిల్లల గురించే. ఇక్కడ సుఖంగా ఉన్నామని చెప్పేవాళ్లు ఒకరు కావాలి. నీకెవరైనా తెలుసా?"

తెలుసన్నాను.

"నన్నెందుకు లాగుతావే? రెండు నెలల్లో డిగ్రీ వస్తుంది," అంది మేరెన్.

"నిజం చెప్పు చాలు. గది దాటదు, నీ మీదొట్టు."

కూటమి నుంచి వచ్చినావిడ మెత్తగా అడిగింది. "నీకు ప్రేమించిన అమ్మాయి ఉందా? ఆమె చెయ్యి పట్టుకుని క్యాంపస్‌లో నడవగలవా?"

మేరెన్ ఆస్లర్ వైపు చూసింది.

"భయమెందుకు తల్లీ, మనసు విప్పి చెప్పు," అన్నారాయన.

"నడుస్తాం. ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను అంతా టైపు చేశాను.

సభ్యత్వం వచ్చింది. ఆఫీసంతా ఇక్కడ ప్రతి వేడుకకీ చేసే ఆకుపచ్చ జెల్లీ తిన్నాం. మినిట్స్ ప్రతిని ఎప్పటిలాగే, నియమాలు తప్పినవాళ్లను పట్టుకునే నియమావళి ఆఫీసుకు పంపాను. ప్రతి మీటింగు కాగితమూ అక్కడికి వెళ్లాల్సిందే. వెళ్తుందని నాకు తెలుసు. ఆలోచించలేదంతే.

మార్చి మొదటి వారంలో ఆ కాగితమే తన బిషప్ బల్ల మీద కనబడిందట మేరెన్‌కు. పరిగెత్తుకుంటూ మా క్వార్టర్‌కు వచ్చింది.

"టైపులో తప్పు పడిందని చెప్పవే. ఒక్క లైను. ఆదివారం దాకా గడువిచ్చాడు."

ఆస్లర్‌ను అడిగాను. ఆయన నవ్వారు. "తప్పంటే మనం కూటమికి అబద్ధమాడినట్టే కదమ్మా? ఆ పిల్ల చెప్పింది నిజం. నిజం కాబట్టే పోతోంది. జట్టు గెలవాలంటే ఎవరో ఒకరు ఆట వదిలి బెంచీ మీద కూర్చోవాల్సిందే."

సాయంత్రం మేరెన్‌తో చెప్పాను. "ఎలాగే? ఈ క్వార్టర్ నా ఉద్యోగం మీదే ఇచ్చారు. నిన్ననే పసుపు కర్టెన్లు తగిలించాం."

ఆమె కిటికీ వైపు చూసింది. "బాగున్నాయే," అని వెళ్లిపోయింది.

ఆదివారం ఆమె చదువు ఆగిపోయింది. ఆ పై ఆదివారం ఏటా పెట్టించుకునే సంతకానికి నా వంతు.

"తోటివాళ్లతో నిజాయితీగా ఉంటున్నావా?" అడిగారు మా బిషప్. అందరినీ అడిగేదే.

"ఉంటున్నానండీ."

సంతకం పెట్టారు. నిమిషం పట్టలేదు. బయట మంచులో హైరమ్ కారులో నా సీటు వేడిచేసి ఉంచాడు.